పెద్దాసుపత్రికి పంపిన రోగి కబురు పీహెచ్‌సీకి తిరిగి రాకపోతే

సంక్షిప్తంగా: డాక్టర్ల నిరంతర విద్య అనగానే ఉపన్యాసాలు, హాజరు సంతకాలు, క్రెడిట్ గంటలు గుర్తొస్తాయి. జబ్బును గుర్తుపట్టే ఆలోచన మాత్రం, తాము ముందు ఏమనుకున్నారో చివరికి ఏం తేలిందో డాక్టర్లు పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడే పదునెక్కుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెద్దాసుపత్రికి రిఫర్ చేసిన రోగికి చివరికి ఏం తేలిందన్న సమాచారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) చేరడం అరుదు. అందుకు కారణాలేమిటి, దానివల్ల ఏం జరుగుతోంది, ఏ మార్పు పనిచేసే అవకాశం ఉంది అన్నది ఈ వ్యాసం.

కడుపునొప్పితో వచ్చే పాముకాటు

నేల మీద చాప వేసుకుని పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తాడు. ఒకసారి వాంతి అవుతుంది. గొంతులో ఏదో అడ్డం పడినట్టుంది అంటాడు. ఇంట్లోవాళ్లు గేస్ అనుకుని సోడా పట్టిస్తారు, తగ్గకపోతే పీహెచ్‌సీకి తీసుకొస్తారు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు, పాము మాట ఎవరూ ఎత్తరు. గ్యాస్ ఇంజెక్షన్ చేసి పడుకోబెడతారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆ తర్వాత ఊపిరి అందదు.

కట్లపాము కాటు చాలాసార్లు ఇలాగే వస్తుంది. దాని కోరలు చిన్నవి. రాత్రి నిద్రలో కాటేస్తే నొప్పి తెలియకపోవచ్చు, గాటు కనిపించకపోవచ్చు. విషం నరాలకూ కండరాలకూ మధ్య సంకేతాలను ఆపేస్తుంది. ఎంబీబీఎస్ చదివిన ప్రతి ఒక్కరూ దీని గురించి చదివే ఉంటారు. అయినా తప్పిపోతుంది. చదువులో కట్లపాము ‘విషాలు’ అనే అధ్యాయంలో ఉంటుంది, రోగి వచ్చేది ‘కడుపునొప్పి’ అధ్యాయంలోంచి. ఆ రెండింటికీ వంతెన వేసే ప్రశ్న ఒకటుంది: ‘రాత్రి ఎక్కడ పడుకున్నావు, మంచం మీదా నేల మీదా?’ దానితోపాటు ‘ఒకసారి తల ఎత్తకుండా పైకి చూడు’ అంటే రెప్పలు పూర్తిగా లేస్తున్నాయో లేదో తెలిసిపోతుంది. రెండింటికీ కలిపి పది సెకన్లు చాలు.

ఆ పది సెకన్ల ప్రశ్న సమయానికి నోట్లోకి రావడాన్నే వైద్యవిద్యలో క్లినికల్ రీజనింగ్ అంటారు. రోగి మాటల నుంచి, ఒంటి మీది గుర్తుల నుంచి, ఊరి పరిస్థితి నుంచి జబ్బు దగ్గరికి నడిచే ఆలోచన అది. పరీక్షలూ స్కానింగులూ అందుబాటులో లేని చోట డాక్టరు చేతిలో ఉన్న అసలు పనిముట్టు ఇదే.

ముందు తోచే మాట, తర్వాత చేసే తనిఖీ

డాక్టర్లు ఎలా ఆలోచిస్తారన్న దాని మీద పరిశోధన కొత్తదేమీ కాదు. 1970ల్లో అమెరికాలో ఆర్థర్ ఎల్‌స్టీన్ బృందం డాక్టర్ల ఆలోచనను దగ్గరగా గమనించింది. ముందు వివరాలన్నీ సేకరించి ఆ తర్వాత నిర్ణయానికి వస్తారన్న సాధారణ నమ్మకం నిజం కాదని తేలింది. రోగి మాట్లాడటం మొదలుపెట్టిన కొద్దిసేపటికే డాక్టరు మనసులో రెండు మూడు జబ్బుల పేర్లు వచ్చేస్తాయి. ఆ తర్వాత అడిగే ప్రశ్నలు ఆ పేర్ల చుట్టూనే తిరుగుతాయి. మొదట తోచిన వాటిలో అసలు జబ్బు లేకపోతే, ప్రశ్నలు ఎన్ని అడిగినా అది బయటపడటం కష్టం. ఇంకో విషయం కూడా తేలింది. ఒక రకం కేసులో బాగా ఆలోచించే డాక్టరు ఇంకో రకం కేసులోనూ అలాగే ఆలోచిస్తారన్న హామీ లేదు. ఆలోచనా నైపుణ్యం ఆ జబ్బుతో ఉన్న పరిచయానికి ముడిపడి ఉంటుంది.

ఇప్పుడు దీన్ని రెండు రకాల ఆలోచనగా వివరిస్తున్నారు. మొదటిది చూడగానే తోచేది: గవదబిళ్లల పిల్లవాడిని గుమ్మంలో చూసి గుర్తుపట్టడం లాంటిది. రెండోది ఆగి, కాగితం మీద పెట్టుకుని, ‘ఇది కాకపోతే ఇంకేమిటి’ అని అడిగేది. మొదటిది తప్పనీ రెండోది గొప్పదనీ అనుకోనక్కర్లేదు. ఓపీలో వరసగా వచ్చే వందమందిలో ఎక్కువమందికి మొదటిదే సరిపోతుంది. చిక్కు వచ్చేది ఎప్పుడు ఆగాలో తెలియని చోట.

దీనికి 2013లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం మంచి ఉదాహరణ. 118 మంది డాక్టర్లకు తేలిక కేసులు, కష్టమైన కేసులు ఇచ్చారు. తేలిక వాటిలో సరిగ్గా చెప్పినవి 55 శాతం, కష్టమైన వాటిలో 6 శాతం లోపే. ‘మీ జవాబు మీద మీకెంత నమ్మకం’ అని పదికి మార్కులు వేసుకోమంటే మొదటిదానికి 7.2, రెండోదానికి 6.4 వేసుకున్నారు. సరైన జవాబులు దాదాపు పదోవంతుకు పడిపోయినా నమ్మకం కొద్దిగానే తగ్గింది. అంటే లోపలి నుంచి వచ్చే ‘ఇదే జబ్బు’ అన్న భావన నమ్మదగ్గ కొలబద్ద కాదు. కొలబద్ద బయటి నుంచి రావాలి.

ఊరును బట్టి మారే లెక్క

ఏ జబ్బు ఎంత సాధారణం అన్నది ఊరు, కాలం, వృత్తి బట్టి మారుతుంది. సీతంపేట ఏజెన్సీ నుంచి దిగివచ్చిన మనిషి జ్వరమూ, విజయనగరం కంటోన్మెంట్‌లో ఉండే ఉద్యోగి జ్వరమూ ధర్మామీటరులో ఒకటే చూపించవచ్చు. మలేరియా అవకాశం మాత్రం ఒకటి కాదు. శ్రీకాకుళం తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్ వేరావల్ దాకా చేపల వేటకు వెళ్తారు. భవన నిర్మాణ పనులకు చెన్నైకీ హైదరాబాద్‌కూ వలస పోయేవారు ఎక్కువ. అందుకే ‘ఈ మధ్య ఎక్కడ పనిచేసి వచ్చావు’ అన్న ప్రశ్న ఇక్కడి ఓపీలో నాడి చూడటం అంత ముఖ్యం.

జ్వరం విషయంలో ఈ లెక్క ఎలా తప్పుతుందో చూడటానికి టైఫాయిడ్ కోసం చేసే వైడల్ రక్తపరీక్ష చాలు. జ్వరంతో వచ్చిన వందమందిలో పదిమందికి నిజంగా టైఫాయిడ్ ఉందనుకుందాం. పరీక్ష జబ్బున్నవారిలో 70 శాతం మందికి పాజిటివ్, జబ్బు లేనివారిలో 70 శాతం మందికి నెగటివ్ చూపిస్తుందనుకుందాం. అప్పుడు జబ్బున్న పదిమందిలో ఏడుగురికి పాజిటివ్ వస్తుంది. జబ్బు లేని తొంభైమందిలో 27 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. మొత్తం 34 పాజిటివ్ కాగితాల్లో నిజమైనవి ఏడు. ఈ అంకెలు లెక్క అర్థమవడానికి వేసుకున్నవే. కానీ టైఫాయిడ్ ఎప్పుడూ తిరుగాడే ప్రాంతంలో ఒక్కసారి చేసిన వైడల్‌ను నమ్మి నిర్ణయానికి రాకూడదన్నది వైద్యులందరికీ తెలిసిన మాట.

ఆ 27 మందిలో ఒకరికి స్క్రబ్ టైఫస్ ఉందనుకోండి. పొదల్లో, గట్ల మీద, పొలాల్లో ఉండే నల్లిజాతి పురుగు పిల్లలు కుట్టడం వల్ల వచ్చే జబ్బు ఇది. వర్షాలు తగ్గి చలి మొదలయ్యే నెలల్లో ఎక్కువ. ‘టైఫాయిడ్’ అన్న మాట చీటీ మీద పడగానే సెఫిక్సిమ్ మాత్రలో, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లో మొదలవుతాయి. ఆ కుటుంబం యాంటీబయాటిక్‌లు స్క్రబ్ టైఫస్ క్రిమి మీద పనిచేయవు. పనిచేసేది డాక్సీసైక్లిన్, అదీ ఎంతో చవకైన మాత్ర. సకాలంలో ఇస్తే రెండు రోజుల్లో జ్వరం దిగడం మొదలవుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా పోతుంది. పేర్లు దగ్గరగా ఉండే ఈ రెండు జబ్బుల మధ్య, చీటీ మీది ఒక్క మాట రోగి గతిని మార్చేస్తుంది.

గుర్తు దొరికే చోటు కూడా చెప్పుకోవాలి. పురుగు కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది. అది చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుము దగ్గర ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి రోగికి తెలియదు. నల్లని ఒంటి మీద సులువుగా కనబడదు. అందరికీ ఉండదు కూడా. వెతకాలంటే బట్టలు తొలగించి చూడాలి. ఆడమనిషి అయితే తెర కావాలి, పక్కన నర్సు కావాలి, వెలుతురు కావాలి. ఓపీ గదిలో టేబులు చుట్టూ పదిమంది నిలబడి ఉంటే ఆ పరీక్ష జరగదు. కాబట్టి ఇది డాక్టరు జ్ఞానానికే సంబంధించిన విషయం కాదు, గది అమరికకు కూడా సంబంధించింది.

క్రియాటినిన్ 1.4

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ఈ మొత్తం చర్చకు కేంద్రం కావాల్సిన చోటు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి తాగునీటి పథకం వచ్చింది. డయాలసిస్ దగ్గరైంది. జబ్బును మొదట్లోనే పట్టుకునే పని మాత్రం ఇప్పటికీ పల్లెలోని డాక్టరు, ఏఎన్‌ఎం చేతిలోనే ఉంది.

మామూలుగా కిడ్నీ జబ్బు అంటే షుగర్, బీపీ, మూత్రంలో ప్రొటీన్, కాళ్లవాపు అని నేర్పుతారు. ఉద్దానం రోగిలో మొదటి దశలో ఇవేవీ ఉండకపోవచ్చు. బీపీ మామూలుగా ఉంటుంది, మూత్రం పట్టీ పరీక్షలో ప్రొటీన్ కొద్దిగానో అసలు లేకుండానో వస్తుంది. చదువుకున్న నమూనాతో పోల్చితే ఈ మనిషి ఆరోగ్యవంతుడే. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికాలో చెరకు తోటల కూలీల్లో కనిపించిన జబ్బూ ఇలాంటిదే. ఎండలో ఒళ్లు వంచి పనిచేయడం, నీరు చాలకపోవడం, తాగునీటిలోని పదార్థాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి, ఏ ఒక్కటీ ఖాయం కాలేదు.

రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) చూసినా చిక్కు తీరదు. 25 ఏళ్ల కుర్రాడికి 1.4 వచ్చిందనుకుందాం. కిడ్నీ పనితీరును అంచనా వేసే, 2021లో సవరించిన సీకేడీ-ఎపి సూత్రంతో లెక్కిస్తే అతని కిడ్నీల వడపోత సామర్థ్యం నిమిషానికి సుమారు 71 మిల్లీలీటర్లు. అదే 1.4 అరవై ఏళ్ల జీడితోట కూలీ ఆడమనిషికి వస్తే సుమారు 43. మూడు నెలల తర్వాత కూడా 60 కంటే తక్కువే ఉంటే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. ల్యాబ్ కాగితం మీద ఇద్దరికీ ఒకటే అంకె. రెండోసారి ఆలోచించేవారికే ఆ తేడా తెలుస్తుంది. ఆ ఆడమనిషి కాళ్ల పీకులకు మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుంటూ ఉంటే, ‘ఏ మాత్రలు వేసుకుంటున్నావు’ అని అడగడమే వైద్యం.

ఇక్కడ దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతుంది, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. కిడ్నీ జబ్బు అందరి నోళ్లలో ఉన్న చోట, నీరసమన్నా కాళ్లవాపన్నా ముందు తోచేది కిడ్నీయే. క్రియాటినిన్ మామూలుగా వస్తే ‘ఏమీ లేదు’ అని పంపేస్తారు. రక్తహీనత, గుండె బలహీనత, బోదకాలు తొలిదశ ఆ ‘ఏమీ లేదు’ కింద ఉండిపోతాయి. ఒకే మండలంలో కిడ్నీ జబ్బును పట్టుకోకపోవడం, కిడ్నీ తప్ప ఇంకేమీ పట్టుకోకపోవడం రెండూ జరగొచ్చు.

రెండు నిమిషాల ఓపీ

ఇంత ఆలోచనకు సమయం ఎంత? 2017లో వచ్చిన ఒక సమీక్ష 67 దేశాల్లో ప్రాథమిక వైద్యంలో ఒక్కో రోగికి దొరికే సమయాన్ని పోల్చింది. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22.5 నిమిషాలు. భారత్‌లో రెండు నిమిషాలకు కాస్త అటూ ఇటూ. రెండు నిమిషాల్లో మొదట తోచిన మాటను రాయడమే కుదురుతుంది.

అందుకే ప్రతి రోగి దగ్గరా ఆగి ఆలోచించమని చెప్పడం ఆచరణకు నిలవదు. ఏ గుర్తు కనిపిస్తే ఆగాలో ముందే నిర్ణయించుకోవడం నిలుస్తుంది. ఒకే ఫిర్యాదుతో మూడోసారి వచ్చిన రోగి, నాలుగు రోజుల యాంటీబయాటిక్ తర్వాత దిగని జ్వరం, గేస్ అంటూ చెమటతో వచ్చిన నడివయసు మనిషి ఇలాంటివి. ఛాతీనొప్పికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్న నియమం కూడా ఇలాంటిదే. డాక్టరుకు గేస్ అనిపించినా సరే ఈసీజీ తీయాల్సిందే కాబట్టి అది పనిచేస్తుంది.

ఇంకోటి, రోగిని పంపేటప్పుడు చెప్పే మాట. ‘తగ్గకపోతే రండి’ అంటే రోగికి ఏమీ తెలియదు. ‘ఎల్లుండి పొద్దుటికి జొరం దిగకపోయినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా ఆ రోజే రండి, వేరే చోటికి వెళ్లకండి’ అంటే అది రోగికి రక్షణ, డాక్టరుకు రెండో అవకాశం.

ముప్పై గంటల నియమం

నిరంతర విద్యకు దేశంలో ఉన్న కొలమానం గంటలు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ఐదేళ్లకు 30 గంటలు అంది. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నియమావళి తెచ్చి, ఆ నెలలోనే దాన్ని పక్కన పెట్టింది. ఐదేళ్లకు 30 గంటలంటే నెలకు అరగంట. ఆ అరగంట కూడా చాలావరకు నగరంలోని హోటల్ హాలులో, స్పెషలిస్టు స్లైడ్ల ముందు గడుస్తుంది. విశాఖలో కొత్త స్టెంట్ గురించి వినడం వల్ల రాజాం దగ్గర పీహెచ్‌సీలో ఛాతీనొప్పి చూసే తీరు మారుతుందా?

దీనికి ఆధారాలు ఉన్నాయి. 1999లో కెనడా పరిశోధకుడు డేవ్ డేవిస్ బృందం ఉపన్యాసాలు మాత్రమే ఉన్న శిక్షణ వల్ల వైద్యం చేసే తీరు మారడం లేదని, చర్చ, సాధన ఉన్నప్పుడు మారే అవకాశం ఉందని చూపింది. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచే కోక్రేన్ సంస్థ 2009లో 81 ప్రయోగాలను కలిపి చేసిన సమీక్షలో సమావేశాల వల్ల ఆచరణలో మెరుగుదల సగటున 6 శాతం దగ్గర ఆగింది. అనుభవమే అన్నీ నేర్పుతుందన్న మాట కూడా నిలబడలేదు. 2005లో 62 పరిశీలనలను చూస్తే, వాటిలో సగానికి పైగా, సర్వీసు పెరిగేకొద్దీ వైద్యం నాణ్యత తగ్గుతున్నట్టు తేలింది.

తెలియకపోవడం వేరు, తెలిసీ చేయకపోవడం వేరు. బిహార్ గ్రామాల్లో జరిగిన అధ్యయనంలో, పిల్లల విరేచనాలకు ఓఆర్‌ఎస్ ఇస్తామని మాటల్లో చెప్పినవారిలో చాలామంది నిజంగా కేసు వస్తే యాంటీబయాటిక్ రాశారు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు ఓఆర్‌ఎస్, సెలైన్ సంగతి తెలియని వైద్య సిబ్బంది ఉండరు. అలాంటి చోట అసలు ప్రశ్న ఒకే ఊరి నుంచి మూడో విరేచనాల రోగి వచ్చినప్పుడు ‘ఇవి విడి కేసులు కావు, నీళ్లలో ఏదో ఉంది’ అని ఎవరికి, ఎంత తొందరగా తోస్తుందన్నది. అదీ క్లినికల్ రీజనింగే. రోగి నుంచి ఊరికి చూపు మళ్లించే రీజనింగ్.

తిరిగి రాని కబురు

బాణం వేసినవాడికి అది గురికి తగిలిందో లేదో కనిపించకపోతే వెయ్యి బాణాలు వేసినా గురి కుదరదు. పీహెచ్‌సీ డాక్టర్ల పరిస్థితి దీనికి దగ్గరగా ఉంది. ఇచ్ఛాపురం వైపు నుంచి పంపిన రోగి శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లొచ్చు, 250 కిలోమీటర్ల దూరంలోని విశాఖ కేజీహెచ్‌కు వెళ్లొచ్చు, లేదా పక్కనే ఉన్న ఒడిశా బరంపురం వెళ్లొచ్చు. మూడు చోట్లా మూడు రకాల కాగితాలు. డిశ్చార్జ్ కాగితం రోగి ప్లాస్టిక్ సంచిలో ఇంటికి చేరుతుంది, మందులు అయిపోయాక అటక ఎక్కుతుంది. బతికి వచ్చినవాళ్ల సంగతి ఇది. చనిపోయినవారి గురించి ఏఎన్‌ఎంకో ఆశా కార్యకర్తకో తెలుస్తుంది, కానీ ‘ఏ జబ్బుతో’ అన్నది తెలియదు.

మిగిలిన రోగుల నుంచి వచ్చే సంకేతం ఇంకా తప్పుదారి పట్టిస్తుంది. చాలా జ్వరాలు ఐదారు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. తగ్గినవారు ‘మీ మందు పనిచేసింది’ అని వచ్చి చెబుతారు. తగ్గనివారు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికో, పట్నంలో ప్రైవేటుకో పోతారు. కాబట్టి డాక్టరు కంటికి కనిపించేవన్నీ విజయాలే. వైడల్ చూసి సెఫిక్సిమ్ ఇచ్చిన ఇరవై మందిలో పద్దెనిమిది మంది బాగయ్యారంటే, ఆ పద్ధతి సరైనదన్న నమ్మకం ఏటికేడు గట్టిపడుతుంది. సర్వీసు పెరిగినా నాణ్యత పెరగకపోవడానికి ఇది పెద్ద కారణం అయి ఉండాలి.

పైనుంచి వచ్చే సమీక్షలు ఈ లోటు తీర్చవు. వాటిలో సాధారణంగా టీకాలు, గర్భిణుల నమోదు, కాన్పులు, యాప్ ఎంట్రీలు చర్చకు వస్తాయి. అవసరమైనవే, కానీ ‘గత నెల మీరు పంపిన ఆరుగురిలో నలుగురికి ఏం తేలింది’ అన్న ప్రశ్న అక్కడ ఉండదు.

ఈ గొలుసును కలిపితే ఏమవుతుందో అమెరికాలోని న్యూ మెక్సికోలో కనిపించింది. అక్కడ 2003లో డాక్టర్ సంజీవ్ అరోరా ఎకో పేరుతో ఒక పద్ధతి మొదలుపెట్టారు. మారుమూల పల్లెల డాక్టర్లు వారానికోసారి వీడియోలో కలిసి తమ హెపటైటిస్-సి రోగుల వివరాలు చెప్పేవారు. స్పెషలిస్టులు వారితో కలిసి ఆలోచించేవారు. తర్వాతి వారం అదే రోగి ఏమయ్యాడో మళ్లీ మాట్లాడుకునేవారు. 2011లో ప్రచురించిన ఫలితాల్లో వైరస్ పూర్తిగా పోయినవారు విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 57.5 శాతం, పల్లె క్లినిక్కుల్లో 58.2 శాతం. అంటే సమానమే. ఉపన్యాసం అక్కడా ఉంది, కానీ చిన్నది. ప్రధానమైనది సొంత రోగి, మళ్లీ మళ్లీ. భారత్‌లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ లాంటివి ఈ పద్ధతి వాడుతున్నాయి.

ఇంకో పోలిక మన దేశంలోదే. పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లాలో డిగ్రీ లేని గ్రామీణ వైద్యులకు తొమ్మిది నెలల్లో 72 తరగతులు చెప్పారు. 2016లో వెలువడిన ఆ ఫలితాల్లో జబ్బును సరిగ్గా చూసే తీరు మెరుగైంది, అనవసర మందులు రాయడం మాత్రం తగ్గలేదు. శ్రీకాకుళం పల్లెల్లోనూ రోగి మొదట కలిసేది తరచూ ఆర్‌ఎంపీనే కాబట్టి ఇది పట్టించుకోవాల్సిన సంగతి. తరగతి జ్ఞానాన్ని పెంచుతుంది. మందు రాసే చేతిని ఆపాలంటే తరగతి చాలదు.

ఈ రెండు జిల్లాల్లో అవకాశం

2023లో ఫ్యామిలీ డాక్టర్ విధానం కింద రాష్ట్రంలో పీహెచ్‌సీ డాక్టర్లు నిర్ణీత రోజుల్లో పల్లెలకు వెళ్లి చూసే ఏర్పాటు మొదలైంది. పేర్లు, ప్రభుత్వాలు మారినా అందులో ఒక మేలు దాగి ఉంది: ఒకే డాక్టరు ఒకే ఊరికి మళ్లీ వెళ్లడం. రెండు వారాల క్రితం చూసిన జ్వరం ఏమైందో ఇంటి గుమ్మంలోనే తెలుసుకోవచ్చు. దీన్ని నేర్చుకునే అవకాశంగా ఇంకా ఎవరూ లెక్కించడం లేదు. లెక్కిస్తే ఖర్చు లేని నిరంతర విద్య అదే.

రెండోది, వైద్య కళాశాలల దగ్గరితనం. శ్రీకాకుళంలో ప్రభుత్వ కళాశాల, రాగోలులో జెమ్స్, నెల్లిమర్లలో మిమ్స్, 2023లో మొదలైన విజయనగరం ప్రభుత్వ కళాశాల. రెండు జిల్లాలకు నాలుగు. ఒకప్పుడు స్పెషలిస్టు మాట వినాలంటే విశాఖ వెళ్లాలి, ఇప్పుడు ఆ అవసరం లేదు. ఈ కళాశాలల జనరల్ మెడిసిన్ విభాగాలు నెలకో రెండు కేసులు, పీహెచ్‌సీ పంపిన చీటీతో మొదలుపెట్టి చివరి నిర్ధారణ దాకా, ఆ పీహెచ్‌సీ డాక్టర్ల ఎదుటే చర్చిస్తే అది ఏ హోటల్ సదస్సు కంటే విలువైనది. కళాశాల వైపు కూడా నేర్చుకునేది ఉంది. పదో రోజున ఐసీయూలో అన్ని రిపోర్టులతో చూసేవారికి స్క్రబ్ టైఫస్ తేలిగ్గా కనిపిస్తుంది, రెండో రోజున ఓపీలో అది ఎలా ఉంటుందో వారికి తెలియదు.

కబురు తిరిగి రావడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. చివరికి ఏ జబ్బు అని తేలింది, ఏ గుర్తు లేదా పరీక్షతో తేలింది, ఇంటికి వచ్చాక ఏం చూడాలి: ఈ మూడు వాక్యాలు చాలు. ఆభా అనే ఆరోగ్య ఖాతా సంఖ్యతో డిశ్చార్జ్ సారాంశాలు డిజిటల్‌గా దొరికే ఏర్పాటు 2021 నుంచి దేశంలో విస్తరిస్తోంది. కానీ ఎక్కడో దాచి ఉన్న సమాచారం వేరు, ‘మీరు పంపిన రోగి’ అంటూ డాక్టరు ఫోనుకు వచ్చే సమాచారం వేరు. 140 ప్రయోగాలను పరిశీలించిన 2012 కోక్రేన్ సమీక్షలో, పనితీరు గురించి తిరిగి చెప్పడం వల్ల వచ్చే మెరుగుదల సగటున 4.3 శాతమే అని తేలింది. అయితే పైఅధికారి గానీ తోటి డాక్టరు గానీ చెప్పినప్పుడు, ఒకటికి రెండుసార్లు చెప్పినప్పుడు, నోటితోనూ రాతతోనూ చెప్పినప్పుడు, తర్వాత ఏం చేయాలో కలిసి నిర్ణయించుకున్నప్పుడు ఫలితం ఎక్కువ. నెలాఖరు మెయిల్‌కూ ఎదురెదురు కూర్చుని మాట్లాడుకోవడానికీ ఉన్న తేడా అది.

ఒక ప్రమాదం మాత్రం ముందే చూసుకోవాలి. తిరిగి వచ్చిన కబురు మెమోగా మారితే, ‘ఎందుకు గుర్తుపట్టలేదు’ అన్న సంజాయిషీగా మారితే, డాక్టర్లు తమను తాము కాపాడుకోవడానికి ప్రతి జ్వరాన్నీ, ప్రతి ఛాతీనొప్పినీ పైకి పంపేస్తారు. అప్పుడు కేజీహెచ్ వరండాలు మరింత నిండుతాయి, రోగి వెంట వెళ్లే ఇద్దరి కూలి పోతుంది, నిజంగా వెళ్లాల్సినవాడికి మంచం దొరకదు. తప్పును వెతికే చోటూ నేర్చుకునే చోటూ వేరువేరుగా ఉండాలి. మరణాల విచారణ ఒక గదిలో, కేసు చర్చ ఇంకో గదిలో.

రెండో అడ్డంకి మనుషులు మారిపోవడం. పీహెచ్‌సీ పోస్టు చాలామందికి పీజీ సీటుకు మెట్టు. 2025 సెప్టెంబరు, అక్టోబరులో రాష్ట్రంలోని పీహెచ్‌సీ డాక్టర్లు చేసిన ఆందోళనలో ప్రధానమైనది ఇన్‌సర్వీస్ పీజీ కోటాయే, అంటే సర్వీసులో ఉన్న డాక్టర్లకు పీజీ సీట్లలో వాటా. పల్లెలో ఉండి చేసే వైద్యమే ఒక స్పెషాలిటీ అన్న గుర్తింపు లేనప్పుడు వెళ్లిపోవాలనుకోవడం సహజం. అయితే దీని ఫలితం ఒకటుంది. మూడేళ్లలో కవిటి మండలం జ్వరాలను, కిడ్నీలను, తోటల్లో కొట్టే మందులను అర్థం చేసుకున్న డాక్టరు వెళ్లిపోగానే ఆ ఊరి జ్ఞానమంతా ఆ మనిషితోనే పోతుంది. కొత్తగా వచ్చినవారు మళ్లీ పాఠ్యపుస్తకంలోని సగటు రోగితో మొదలుపెడతారు.

కాబట్టి తిరిగి వచ్చే చీటీ డాక్టరు పేరు మీద కాకుండా పీహెచ్‌సీ పేరు మీద రావాలి. కాన్పుల రిజిస్టరు పక్కన ఇంకో రిజిస్టరు ఉంటే చాలు: ఎడమ పేజీలో పంపినప్పుడు అనుకున్నది, కుడి పేజీలో చివరికి తేలింది. కొత్త మెడికల్ ఆఫీసరు చేరిన రోజు ఫార్మసిస్టు మందుల స్టాకు అప్పగించినట్టే, స్టాఫ్ నర్సు ఆ పుస్తకం కూడా చేతిలో పెట్టాలి.